టెస్టర్ రెండు వైపులా వెలుగుతోంది, ఫ్యాన్ మాత్రం తిరగదు: ఇంట్లో కరెంటు ఉన్నట్టా, లేనట్టా?

గుణుపురం దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మగారు అడిగారు. గాలివాన వెలిశాక వాళ్ళింట్లో బల్బు వెలగడం లేదు, ఫ్యాన్ తిరగడం లేదు. పక్కింట్లో అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. టెస్టర్ పెడితే ప్లగ్ పాయింట్‌లో రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది. "రెండు వైపులా కరెంటు వచ్చేస్తోంది" అని వాళ్ళ మరిది అంటున్నారట. బోరు పైపు నుంచి ఒక తీగ లాగి బోర్డుకు కలిపితే సరిపోతుందని ఇంకొకరు సలహా ఇచ్చారట. ఆవిడ కొడుకు పదో తరగతి, బడిలో చదువు ఒడియాలో. అతని ప్రశ్న వేరే: తీగలో ఎలక్ట్రాన్లు చాలా నెమ్మదిగా కదులుతాయని మాస్టారు చెప్పారు, మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పుట్టిన కరెంటు మా ఊరు రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ముందు జవాబు చెప్పేస్తాను. మీ ఇంటికి వచ్చే రెండు తీగల్లో ఫేజ్ కరెంటు తెచ్చేది, న్యూట్రల్ దాన్ని తిరిగి తీసుకుపోయేది. మీ న్యూట్రల్ తీగ ఎక్కడో తెగింది, లేదా జాయింటు వదిలేసింది. ఫేజ్ వస్తోంది కాబట్టి వోల్టేజీ ఉంది. తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది కాబట్టి కరెంటు పారడం లేదు. టెస్టర్ చూపించేది వోల్టేజీ ఉందన్న సంగతి మాత్రమే, కరెంటు పారుతోందని అది చెప్పదు.

బోరు పైపు నుంచి తీగ మాత్రం లాగకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు పీకేసి, లైన్‌మన్‌కి కబురు పెట్టండి. "న్యూట్రల్ పోయింది, పక్కింట్లో ఉంది, మా ఒక్క సర్వీసుకే లేదు" అని ఈ మాటలతోనే చెప్పండి. ఆయన నేరుగా స్తంభం మీద మీ జాయింటు దగ్గరికే వెళ్తాడు, సగం పని తగ్గుతుంది.

నాది పర్లాకిమిడిలో మోటారు వైండింగ్, హౌస్ వైరింగ్ పని. గాలివానల కాలంలో మా వైపు పల్లెల నుంచి ఎక్కువగా వచ్చేది ఈ ఫిర్యాదే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

రెండు రంధ్రాల్లో టెస్టర్ ఎందుకు వెలుగుతోంది? మీ ఇంట్లో ఏదో ఒక స్విచ్ వేసే ఉంది, బల్బుదో ఫ్యాన్‌దో. ఫేజ్ ఆ బల్బు గుండా వెళ్ళి అవతలి నల్ల తీగలోకి, అంటే న్యూట్రల్‌లోకి, చేరుతుంది. మామూలుగా అయితే అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి పోతుంది. ఇప్పుడు ఆ దారి తెగింది కాబట్టి ఇంట్లోని నల్ల తీగ మొత్తం ఫేజ్‌తో సమానంగా 230 వోల్టుల దగ్గర నిలబడిపోయింది. బల్బుకు రెండు వైపులా ఒకే వోల్టేజీ ఉంటే దాని గుండా కరెంటు నడవదు. కావాలంటే ఇలా పరీక్షించవచ్చు: ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి, ప్లగ్గులన్నీ తీసేసి చూస్తే న్యూట్రల్ రంధ్రంలో టెస్టర్ ఆరిపోతుంది. ఒక్క బల్బు స్విచ్ వేస్తే మళ్ళీ వెలుగుతుంది. ఇలా జరిగితే తెగింది న్యూట్రలే, ఇక అనుమానం అక్కర్లేదు.

దీన్ని బట్టే ఇంకో హెచ్చరిక. నల్ల తీగ పట్టుకుంటే ఏమీ కాదని చాలామంది నమ్ముతారు. న్యూట్రల్ తెగిన ఇంట్లో నల్ల తీగ కూడా ఫేజ్ తీగలాగే షాక్ కొడుతుంది. బల్బు వెలగడం లేదు కదా అని హోల్డర్‌లో వేలు పెట్టేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

కాశీనగర్ వైపు ఒక ఇంట్లో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే షాక్ కొడుతోందని పిలిచారు. ఎర్త్ తీగ (భూమికి కలిపే తీగ) లాగడానికి బద్ధకించి ఎవరో ప్లగ్ పాయింట్ లోపల న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ చిన్న తీగముక్కతో లింకు వేశారు. న్యూట్రల్ బాగున్నన్నాళ్ళూ అది బయటపడలేదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీస్ వైరులో న్యూట్రల్ తెగిన రోజు, నల్ల తీగలోని 230 వోల్టులు ఆ లింకు గుండా ఫ్రిజ్ బాడీకి ఎక్కేశాయి. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మీ ఇంట్లో వైరింగ్ చేసినవాళ్ళను ఈ లింకు గురించి తప్పకుండా అడగండి. ఉంటే తీయించేయండి.

ఇక అసలు విషయానికి వస్తాను, అబ్బాయికి కూడా పనికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగి చుట్టు, అక్కడి నుంచి ఫేజ్ తీగ, మీ మీటరు, స్విచ్, బల్బు, న్యూట్రల్ తీగ, మళ్ళీ అదే రాగి చుట్టు. ఇదంతా కలిస్తే ఒక పూర్తి వలయం. ఈ వలయంలో ఎక్కడ ఒక్క చోట తెగినా మొత్తం ఆగిపోతుంది. పిండిమర పట్టా చూశారు కదా. ఇంజిను చక్రం నుంచి మర చక్రానికి వెళ్ళి, చుట్టి, మళ్ళీ ఇంజిను దగ్గరికే వస్తుంది. పట్టా తెగితే ఇంజిను ఎంత గట్టిగా తిరిగినా మర కదలదు. ఇంజిను తిరగడం వోల్టేజీ అనుకుంటే, పట్టా నడవడం కరెంటు. గింజలు నలిగినంత మాత్రాన పట్టా అరిగి తగ్గిపోదు, ఎంత పట్టా వెళ్ళిందో అంతా తిరిగొస్తుంది. మరకు చేరేది దాని ద్వారా అందిన శక్తి.

ఈ చివరి మాట చాలామందికి నమ్మకం కుదరదు. బల్బు కరెంటును తాగేస్తుందనీ, ఫేజ్‌లో ఎక్కువ వచ్చి న్యూట్రల్‌లో తక్కువ వెళ్తుందనీ అనుకుంటారు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకు నేను మొదట చూపించేది క్లాంప్ మీటరే, తీగను దవడల మధ్య పెట్టి అందులో పారే కరెంటును కొలిచేది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేసి, ఫేజ్ తీగ ఒక్కదాన్నే మీటరు దవడల మధ్య పెడితే 4.3 ఆంపియర్ల దగ్గర చూపిస్తుంది. న్యూట్రల్ ఒక్కదాన్నే పెట్టినా అదే 4.3. రెండు తీగలనూ కలిపి దవడల మధ్య పెడితే సున్నా చూపిస్తుంది. వెళ్ళేదీ వచ్చేదీ సమానం కాబట్టి ఒకదాని అయస్కాంత ప్రభావాన్ని ఇంకోటి రద్దు చేసింది. ఇస్త్రీ పెట్టె మాత్రం సలసలా కాలుతూనే ఉంటుంది. కరెంటు ఖర్చు కాలేదు, శక్తి ఖర్చయింది. బిల్లులో యూనిట్లు అంటే ఆ శక్తే. ఒక చోటికి వచ్చే కరెంటు, అక్కడి నుంచి పోయే కరెంటు సమానమని కిర్చాఫ్ 1845లో చెప్పిన నియమం అబ్బాయి పై తరగతిలో చదువుకుంటాడు. కళ్ళతో చూడాలంటే మాత్రం ఈ సున్నా చాలు.

ఇంట్లో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్) కూడా ఇదే లెక్క మీద పనిచేస్తుంది. ఫేజ్‌లో వెళ్ళిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఆ తేడా ఎవరి ఒంటి గుండానో గోడ గుండానో భూమిలోకి పోతోందని అర్థం. వెంటనే ఆపేస్తుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అది కాపాడలేదు. వెళ్ళిందంతా తిరిగొస్తోంది కాబట్టి దాని లెక్కలో తేడా ఉండదు. అయినా ఇంటికి ఒకటి పెట్టించండి. షాక్ ప్రమాదాలు ఎక్కువగా ఒళ్ళు, నేల గుండా జరిగేవే.

ఇప్పుడు బోరు పైపు సంగతి. భూమి కూడా తీగలాగే దారి ఇస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. అందుకే నేల మీద నిలబడి ఫేజ్ ముట్టుకుంటే షాక్ కొడుతుంది: ఫేజ్, మనిషి, నేల, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్, అలా వలయం పూర్తవుతుంది. ఒకే తీగ మీద కూర్చున్న కాకికి ఏమీ కాకపోవడానికి కారణం, దాని రెండు కాళ్ళూ ఒకే వోల్టేజీ దగ్గర ఉన్నాయి, తిరుగు దారి లేదు.

బోరు పైపుకు తీగ కలిపితే బల్బు వెలుగుతుంది, ఫ్యాన్ కూడా తిరుగుతుంది. అందుకే ఆ సలహా ఇచ్చినవాళ్ళు "మేం చేశాం, బాగానే ఉంది" అంటారు. అసలు చిక్కు పెద్ద లోడ్ వేసినప్పుడు తెలుస్తుంది. లెక్క వేసి చూపిస్తాను. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, సుమారు 53 ఓమ్‌లు. బోరు పైపు నుంచి నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ వరకు రెసిస్టెన్స్ 50 ఓమ్‌లు ఉందనుకోండి. ఎండాకాలంలో మా మెట్ట నేలల్లో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. 230 వోల్టులు ఆ రెండింటి మధ్యా పంచుకుంటాయి. ఇస్త్రీ పెట్టెకు 118 దక్కితే, మిగిలిన 112 వోల్టులు ఎక్కడ ఉంటాయి? మీ బోరు పైపు మీద. ఇస్త్రీ పెట్టె నాలుగో వంతు వేడెక్కుతుంది. బయట తడి నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి నీళ్ళు పట్టుకునేవాళ్ళ చేతికి ఆ 112 వోల్టులు తగులుతాయి. ఒళ్ళు తడిగా ఉంటే మనిషి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోతుంది. అంటే వంద మిల్లీ ఆంపియర్లు. పది దాటితేనే పట్టుకున్న చెయ్యి వదల్లేం, ముప్పై దాటితే గుండెకు ప్రమాదం. ఈ మధ్య మీటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటి కరెంటునూ పోల్చి చూస్తాయి. తేడా ఉంటే ఎర్త్ గుర్తు వెలిగి రికార్డు అయిపోతుంది, దొంగతనం కింద లెక్క కట్టొచ్చు. అది తర్వాతి సంగతి, ముందు మనిషి ప్రాణం.

ఇదే నేల దారి మా కొండ వార పల్లెల్లో ఇంకో ఘోరానికి కారణమవుతోంది. పంట కాపాడుకోవడానికో, అడవి పందుల కోసమో లైను నుంచి ఒక్క తీగ చేను చుట్టూ లాగేవాళ్ళున్నారు. ఒక్క తీగే కదా, వలయం ఎక్కడుంది అనుకుంటారు. ముట్టుకున్న ప్రాణే ఆ వలయాన్ని పూర్తి చేస్తుంది. పంది, ఏనుగు, తెల్లారుజామున చేనుకు వెళ్ళే మనిషి, ఎవరన్నది తీగకు తెలియదు. ఇది నేరం కూడా. మీ ఊళ్ళో ఎవరైనా ఇలా చేస్తుంటే దయచేసి ఆపించండి.

మీ ఇంటి విషయంలో పక్కింట్లో అంతా బాగుంది కాబట్టి తెగింది మీ సర్వీసు వరకే. అయితే ఇంకో రకం న్యూట్రల్ పోవడం ఉంది, దాని గుర్తులు కూడా తెలిసి ఉండాలి. వీధి మొత్తానికి ఉమ్మడిగా ఉండే న్యూట్రల్, స్తంభం మీదో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో వదిలేస్తే, వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. ఒకరింట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, ఇంకొకరింట్లో 100 వాట్ల లోడ్ నడుస్తుంటే, ఆ చిన్న లోడ్ ఉన్న ఇంటికి 360 వోల్టుల దాకా వచ్చేస్తుంది. ఒక ఇంట్లో బల్బు మసకబారడం, ఇంకో ఇంట్లో బల్బు కళ్ళు చెదిరేలా వెలగడం దీని గుర్తు. అలా కనిపిస్తే ఆలోచించకుండా మెయిన్ ఆపేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో స్తంభాలు ఎక్కడికక్కడ పడిపోయాయి. కరెంటు తిరిగి వచ్చిన రోజుల్లో నా దగ్గరికి నీళ్ళలో మునిగిన మోటార్లతో పాటు కాలిపోయిన స్టెబిలైజర్లు కుప్పలుగా వచ్చాయి. తుపాను పాడు చేసింది కొంతే. తొందరగా కలిపిన లైన్లలో వదులుగా ఉండిపోయిన న్యూట్రల్ జంపర్లు (లైన్లను కలిపే తీగముక్కలు) పాడు చేసింది కూడా అందులో చాలానే ఉంది. పెద్ద గాలివాన తర్వాత కరెంటు రాగానే ఒక్క బల్బు వేసి కాసేపు చూడండి. వెలుగు నిలకడగా ఉంటేనే ఫ్రిజ్, టీవీ పెట్టండి.

సాధారణంగా న్యూట్రల్ ఎక్కడ తెగుతుందంటే, స్తంభం మీద అల్యూమినియం సర్వీస్ వైరు జాయింటు దగ్గర. గాలికి ఊగి ఊగి పోచలు తెగుతాయి, లేదా అల్యూమినియానికి రాగి తీగ మెలిపెట్టి వదిలేస్తే వాన తడికి మధ్యలో తెల్లటి పొడి పేరుకుని కరెంటును అడ్డుకుంటుంది. ఇంటి లోపలైతే మెయిన్ బోర్డులో న్యూట్రల్ లింకు స్క్రూ వదులవుతుంది. పాత ఇళ్ళలో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ రెండింటికీ ఫ్యూజులు పెట్టినవి ఇంకా కనిపిస్తాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే అచ్చంగా మీరు చెప్పినట్టే ఉంటుంది. అక్కడ ఫ్యూజు ఉండకూడదు, తీయించి లింకు పెట్టించండి. మీటరు సీలు మాత్రం మీరు ముట్టుకోకండి.

అబ్బాయి ప్రశ్నకు వస్తాను. మాస్టారు చెప్పింది నిజమే. ఒక ఆంపియర్ అంటే తీగలో ఒక చోటు దాటి సెకనుకు దాదాపు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు పోవడం. వినడానికి పెద్ద సంఖ్యే. అయితే రాగిలో కదలగల ఎలక్ట్రాన్లు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే, మనం వైరింగ్‌లో వాడే 1.5 స్క్వేర్ ఎంఎం తీగలో ఒక ఆంపియర్ డీసీ (ఒకే దిక్కుకు పారే కరెంటు) నడవడానికి అవి గంటకు 18 సెంటీమీటర్లు జరిగితే సరిపోతుంది. విడివిడిగా చూస్తే ఒక్కో ఎలక్ట్రాన్ అన్ని దిక్కులకూ మహా వేగంగా పరిగెడుతూనే ఉంటుంది. ఆ గందరగోళం పోగా ఒక దిక్కుకు మిగిలే నికర కదలిక అంతే.

మరి బల్బు వెంటనే ఎందుకు వెలుగుతుంది? స్విచ్ దగ్గరి ఎలక్ట్రాన్ బల్బు దాకా ప్రయాణం చేయనక్కర్లేదు. తీగ నిండా, బల్బు లోపల కూడా, అవి ముందే ఉన్నాయి. స్విచ్ వేయగానే తీగ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం మారుతుంది. ఆ మార్పు తీగ వెంట సెకనుకు లక్షల కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, వలయంలో ఉన్న ఎలక్ట్రాన్లన్నీ దాదాపు ఒకేసారి కదలడం మొదలెడతాయి. శక్తి చేరవేసేది కూడా ఆ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలే. ఆ శక్తి ఏ దిక్కుకు, ఎంత పోతుందో లెక్కగట్టే సూత్రాన్ని పాయింటింగ్ అనే శాస్త్రవేత్త 1884లో ఇచ్చాడు.

ఇంకో సంగతి, మన ఇంటి కరెంటు ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అదే తీగలో ఒక ఆంపియర్ ఏసీ నడిచేటప్పుడు ఎలక్ట్రాన్ మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం కూడా జరగదు, అంతలోనే వెనక్కి వచ్చేస్తుంది. అంటే కరెంటు మీ ఇంటి తీగల్లోని ఎలక్ట్రాన్లను ఒక దిక్కుకు ఎక్కడికీ తీసుకుపోవడం లేదు, అటూ ఇటూ ఊపుతోంది అంతే.

మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది, ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్నది. అక్కడి ఎలక్ట్రాన్ మీ ఊరికి ఎన్నటికీ రాదు. దారిలోని ట్రాన్స్‌ఫార్మర్లలో సాధారణంగా రెండు వేర్వేరు తీగ చుట్లుంటాయి, ఒకదానికొకటి తగలవు. మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక వైపు 11 కేవీ (11 వేల వోల్టుల) వలయం, రెండో వైపు 433 వోల్టుల వలయం. రెండింటి మధ్య ఇనుప కోర్‌లోని అయస్కాంత ప్రభావం గుండా శక్తి మాత్రమే దాటుతుంది. మాచ్‌ఖండ్ నుంచి మీ బల్బు దాకా ఒకటే పెద్ద వలయం ఉందనుకోవద్దు, వరసగా ఎన్నో వలయాలు ఉన్నాయి. వాటిలో చివరిది మీది, ఇప్పుడు తెగింది అదొక్కటే.

అన్ని వలయాల్లోనూ కదిలేది ఎలక్ట్రాన్లే అనుకోకూడదు. ఇన్వర్టర్ బ్యాటరీలో యాసిడ్ గుండా అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) కదిలి లోపలి సగం వలయాన్ని పూర్తి చేస్తాయి. టెర్మినల్ మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర పేరుకున్న బ్యాటరీలు తెచ్చి "మీటరు 12.6 చూపిస్తోంది, ఫ్యాన్ మాత్రం తిరగదు" అంటారు. లోడ్ లేనప్పుడు చూసిన వోల్టేజీతో ఏమీ తేలదు. లోడ్ వేసి, తీగ చివర చూస్తే సగానికి పడిపోయి కనిపిస్తుంది. వేడినీళ్ళతో కడిగి, క్లాంపు బిగించి, పెట్రోలియం జెల్లీ రాస్తే చాలాసార్లు కొత్త బ్యాటరీ ఖర్చు తప్పుతుంది.

అబ్బాయి సొంతంగా చేసి చూడాలంటే 230 వోల్టుల జోలికి అస్సలు పోనివ్వకండి. మూడు టార్చి సెల్లులు వరసగా పెట్టి, ఒక ఎర్ర ఎల్ఈడీ, రెండు రాగి తీగలు తీసుకోమనండి. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. వలయాన్ని మధ్యలో ఒక చోట తెంపి, ఆ రెండు తీగ చివరలనూ గ్లాసు నీళ్ళలో దగ్గరగా ముంచాలి. ఉత్త నీళ్ళలో ఎల్ఈడీ వెలగకపోవచ్చు, లేదా లీలగా కనిపిస్తుంది. రెండు చెంచాల వంట సోడా కలిపాక వెలుగు పెరుగుతుంది. తీగ లేని చోట వలయాన్ని పూర్తి చేస్తున్నవి నీళ్ళలో కరిగిన సోడా అయాన్లే. తీగ చివరల దగ్గర పరీక్షగా చూడమనండి: సన్నటి బుడగలు ఎక్కువగా లేస్తున్నది మైనస్ వైపు, అవి హైడ్రోజన్. ప్లస్ వైపు రాగి మెల్లగా రంగు మారుతుంది.